మూగబోయిన కార్ల పందెం

మొన్న ఎండాకాలం జరిగింది. నారాయణఖేడ్‌లో ఒకప్పుడు కంప్యూటర్ సెంటర్ నడిపిన నా మిత్రుడు జలీల్‌కు ఇప్పుడు చూపు లేదు. తన పాత కార్ల ఆట చప్పుడు మళ్లీ వినాలని ఆశపడ్డాడు. మా అమ్మాయి స్వప్న అతని పాత కంప్యూటర్‌కు కొత్త సౌండ్ కార్డు వేసి, ఇరుగుపొరుగును కూడా పిలిచింది. తెరమీద కార్లు కదిలాయి కానీ చప్పుడు లేదు. అందరి ముందు స్వప్న ముఖం చిన్నబోయింది.

“గా ఆట మీ నాయిన లెక్క, బిడ్డా! పాత దోస్తు ఉంటెనే నోరు విప్పుతది. పాత కార్డే కావాలె. నా డబ్బా తే,” అన్నాడు జలీల్.

డబ్బాలోని కార్డులను వేళ్లతో తడిమి ఒకటి తీశాడు. స్వప్న దాన్ని బిగించి, ఆటలో దాని పేరు ఎంచుకోగానే ఇంజన్ గర్జించింది. జలీల్ కీబోర్డు ముందుకు లాక్కున్నాడు.

“మలుపెటు? జల్దీ చెప్పు!”

“కుడికి చాచా, కుడికి!”

విలేకరిగా ఎందరి గెలుపుల గురించో రాశాను. మా అమ్మాయి కళ్లతో జలీల్ గెలిచిన ఆ పందెం గురించి రాయడం మాత్రం నాకు గర్వం.