ఇదేం గింజండీ?

పటమటలో ధాన్యాలు పరీక్షించే ల్యాబ్‌లో నేను రిజిస్టరు రాసేటప్పుడు అక్కడొక మేడం ఉండేవారు. సంచి మీద పేరు రాసి ఉన్నా సరే, లెక్క వేసే ముందు నాలుగు గింజలు అరచేతిలో వేసుకుని "ఇదేం గింజండీ?" అని అడిగేవారు. నాకది చాదస్తంగా తోచేది.

ఒకరోజు హనుమాన్ జంక్షన్ నుంచి ఒక రైతు తన దేశవాళీ బియ్యం తెచ్చాడు. ప్రోటీన్ తాము చెప్పినంత ఉంటేనే బియ్యం షాపువాళ్లు కొంటామన్నారట. మెషీన్‌లో నత్రజని ఎంతో తేలింది. దాన్ని 6.25తో హెచ్చిస్తే ప్రోటీన్ వస్తుందని లైబ్రరీ పుస్తకంలో చదివిన ధీమాతో అలాగే హెచ్చించి, "గట్టెక్కారండీ" అన్నాను. ఆయన షాపుకు ఫోన్ చేయబోయాడు.

మేడం అరచెయ్యి నా ముందుకు చాపారు. "ఇదేం గింజండీ?"

"బియ్యమండీ."

"గింజను బట్టి ఆ అంకె మారుతుంది. బియ్యానికి 5.95 కదండీ."

లెక్క మళ్లీ వేస్తే షాపువాళ్లు అడిగినదానికి కాస్త తగ్గింది.

"ఈయన చెప్పిందే వేసెయ్యండి మేడంగారూ. తినేవాళ్లకేం తెలుస్తుంది?" అన్నాడు రైతు.

"వాళ్లకి తెలీదనేగా నన్నిక్కడ కూర్చోబెట్టింది" అని మేడం తగ్గిన అంకె కిందే సంతకం చేశారు.

రైతు ఫోన్ జేబులో పెట్టుకుని, బియ్యం సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. నా వైపు చూడలేదు.

సాయంత్రం లైబ్రరీలో ఆ పుస్తకమే మళ్లీ తీశాను. బియ్యానికి 5.95 అని అదే పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో ఉంది.