పక్కింటి విత్తనాలు

కొండమీది పల్లెల్లో ఆయన్ని అందరూ డబ్బాల సారు అంటారు. విత్తనాలు దాచుకోమని వ్యవసాయ ప్రాజెక్టు తరఫున ఇంటికో రేకు డబ్బా పంచింది ఆయనే. మనిషి బక్కపలచన, బొజ్జ మాత్రం ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టు ముందుకొచ్చి ఉంటుంది. ఏ ఇంటికెళ్ళినా గుమ్మంలో చెప్పులు విడిచి, మూలనున్న డబ్బాను వేలి కణుపుతో టకటక కొట్టి, చప్పుడు విని తల ఊపుతాడు. మొదట్లో ఆపైన జేబులోంచి ఓ బిస్కెట్టు తీసి నోట్లో వేసుకునేవాడు. షుగరుందని భార్య పోరు పెట్టేది కాబట్టి ఆమె ముందు తినేవాడు కాదు, అంతే.

మొదటి ఏడాది, ఇళ్ళలో తిండిగింజలు నిండుకునే నెలల్లో, ఒక ముసలమ్మ డబ్బా తెరిపించాడు. పైన ఆమె పేరుంది, లోపల పక్కింటివాళ్ళ చిక్కుడు విత్తనాలున్నాయి. ఆమెవి పక్కింట్లో ఉన్నాయి. ఊరంతా అదే వరస. దగ్గరుండి పేర్లు రాయించినవాడికి ఒళ్ళు మండింది.

"ఎవరివి వాళ్ళింట్లో పెట్టుకోవచ్చుగా పెద్దమ్మా?"

"ఆకలేస్తే మావి మేం వండుకు తినేస్తాం నాయనా. పక్కింటోళ్ళవైతే చచ్చినా చెయ్యి పెట్టం."

ఆయన కాసేపు బొజ్జ నిమురుకుని, జేబులోని బిస్కెట్ల ప్యాకెట్ తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఇది కూడా దాచు."

"మళ్ళీ అడిగితే?"

"అడుగుతాను. ఇవ్వకు."

ఇప్పటికీ ఆ ఇంటికెళ్తే ముందు డబ్బా మూత ఎత్తి చూస్తాడు. చిక్కుడు గింజల మీద ప్యాకెట్ భద్రంగా కనిపిస్తుంది. మూత పెట్టేసి, ఆకలిగానే, తృప్తిగా కొండ దిగుతాడు.