అన్నీ డెబ్భై నాలుగులోనే

లియాఖత్ అలీకి ఈ లోకంలో కొత్తదంటూ ఒక్కటీ కనబడలేదు. కొత్తకోటలో పల్లికాయ వొలిచే మిషన్లు తయారుచేసే షెడ్డుకు ఆయన స్టోర్‌కీపరు. కొత్త బస్సు వచ్చినా, కొత్త కోడలు వచ్చినా, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, "గిది నేను ముందే చూసిన" అనేవాడు. గ్రహణం పట్టిన రోజు కూడా అదే మాట.

తొంభై ఏడులో షెడ్డుకు కంప్యూటరు వచ్చింది. పుస్తకాలు ముందేసుకుని తనంతట తానే ఆ విద్య పట్టిన అమరేందర్ దాని ముందు కూర్చున్నాడు. తనను గుర్తించని లోకం మీద అతనికి చచ్చేంత కోపం. మిషను సైజు కొడితే చాలు, విడిభాగాల డ్రాయింగులన్నీ వాటంతటవే వచ్చే ప్రోగ్రాం రాశాడు. పన్నెండు సైజులకు ఆరువందల నలభై డ్రాయింగులు! యజమాని దశరథ మురిసిపోయి, ఇనుము పోత పోయడానికి చెక్క అచ్చులు చెక్కమని వడ్రంగి గండయ్యకు చెప్పేశాడు.

లియాఖత్ అలీ ఒక డ్రాయింగు మీద ఇంకోటి పెట్టి కిటికీ వెలుగుకు పట్టాడు.

"బేటా, గీడు గాడే. జర అడ్డం పండిండు, గంతే."

"నంబరు వేరే ఉంది చాచా!"

"నువ్వు అంగీ మార్చుకొని వస్తే నిన్ను గుర్తుపట్టనా?"

అమరేందర్‌కు అప్పుడు తప్పు దొరికింది. సైజు మారినప్పుడల్లా, మారని ముక్కను కూడా ప్రోగ్రాం అటో ఇటో తిప్పి గీసి కొత్త నంబరు వేసింది. దశరథకు తెలిస్తే ఉద్యోగం ఊడినట్టే.

డ్రాయింగులు ఒకదానిమీద ఒకటి పెట్టి పోలుస్తూ మూడు రోజులు ఇద్దరూ కిటికీకి అతుక్కుపోయారు. హుషారెక్కిన అమరేందర్, "చాచా, గివి రెండూ ఒకటే!" అన్నాడు. లియాఖత్ అలీ తన చెప్పులు విప్పి అతని ముందు పెట్టాడు.

"గివి గూడ ఒకటేనా? ఎడమది కుడికాలుకు తొడుగు, చూద్దాం."

అమరేందర్ నిజంగానే తొడిగి చూశాడు. ఆ రెండు డ్రాయింగులనూ ఎడమ, కుడి ముక్కలుగా విడివిడిగా ఉంచాడు.

చివరికి మిగిలినవి రెండువందల పదకొండు. కానీ అప్పటికే గండయ్య ఒకే ముక్కకు తొమ్మిది అచ్చులు చెక్కి ఉన్నాడు. దశరథ వాటిని బల్ల మీద వరసగా పేర్చి, "ఎవడు చేసిండు గీ పని?" అని గర్జించాడు.

అమరేందర్ నోరు తెరిచేలోపు లియాఖత్ అలీ కళ్లద్దాలు పైకి నెట్టాడు.

"గిది ముందే చూసిన సేటూ. డెబ్భై నాలుగుల నేనే చేసిన. ఒక్క గేరుకు పదకొండు అచ్చులు! అప్పటి సేటు నన్ను ఎల్లగొట్టి ఉంటే, గియ్యాల గివి పట్టుకునెటోడెవడు?"

దశరథ అచ్చుల వంక చూశాడు, ఆయన వంక చూశాడు. "ఎనిమిదింటిని పొయిల పెట్టున్రి" అని గొణిగి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత షెడ్డులో పనిచేసే రామమ్మ గ్రీజు డబ్బా ఒలకబోసినప్పుడూ, సోమన్న లేతు మిషను బెల్టు తెంపినప్పుడూ కూడా చాచా డెబ్భై నాలుగులో అదే చేశానన్నాడు. ఒక్క ఏడాదిలో ఇన్ని ఘనకార్యాలు చేసిన మనిషిని ఎట్లా భరించారో! ఒక సాయంత్రం చాచా ఇంట్లో చాయ్ తాగుతూ అమరేందర్ ఆయన భార్య అజీజా బేగంను అదే అడిగాడు.

ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "డెబ్భై నాలుగుల మీ చాచా షెడ్డు మొకమే చూడలే బేటా. కోస్గి సంతల గాజులు అమ్మిండు."

మరునాడు దశరథ వాడిన మొహంతో వచ్చాడు. "కోస్గి పోయే మిషను అమ్రాబాద్‌కు పంపిన. గీ తెలివితక్కువ పని ఎవడన్నా చేస్తడా?"

లియాఖత్ అలీ చెయ్యి కళ్లద్దాల మీదికి పోయింది. ఈలోపే అమరేందర్ అందుకున్నాడు.

"ఫికర్ చెయ్యకున్రి సేటూ. డెబ్భై నాలుగుల చాచా గిదే చేసిండు."

లియాఖత్ అలీ కళ్లద్దాలు సరిగ్గా ముక్కు మీదికి దించుకుని, ఇంతకుముందెప్పుడూ చూడని వస్తువును చూసినట్టు, అమరేందర్‌ను చూశాడు.