కొలబద్ద మీది మంచు

మా మేనత్త పోయి రెండు వారాలు కాకముందే ఒకప్పుడు ఆమె మీద సూపరింటెండెంటుగా చేసినాయన పత్రికలవాళ్ళను పిలిపించుకున్నాడు. "చదువులేని ఒక కాపరి మొండితనం వల్ల ఒక జాతి రెండోసారి అంతరించింది" అన్నాడు. చచ్చినవాళ్ళు నోరెత్తరని ఆయన ధీమా. నోరెత్తరు, నిజమే. కానీ ఆయన తన చేత్తో రాసిన కాగితం ఒకటి నా దగ్గరుంది.

అత్త జంతుప్రదర్శనశాలలో కాపరి. పద్దెనిమిదేళ్ళు ఒకే ఒక్క రెల్లుదుప్పిని సాకింది. మేకంత ఒళ్ళు, గాడిదంత చెవులు. రెల్లు పెరిగే మడుగుల్లో బతికే జాతి అది. మడుగులు పూడ్చేశారు, దుప్పులు పోయాయి, చివరికి ఈ ఆడది మిగిలింది. పలక మీద దానికి నోరు తిరగని పేరేదో రాసుండేది. అత్తకు మాత్రం అది "ముసల్ది". ఎవరైనా చూస్తుంటే మేత ముట్టదు. అందుకని అత్త తొట్టి నింపి, దానికి వీపు తిప్పి గోడకేసి చూస్తూ నిలబడేది. "పద్దెనిమిదేళ్ళ కాపురంలో అది నమలడం విన్నానే గానీ చూసిన పాపాన పోలేదు" అని నవ్వేది.

అప్పటి సూపరింటెండెంటును అందరూ చాటుగా ఇస్త్రీ దొర అనేవాళ్ళు. పెంటకుప్ప పక్కన నిలబడ్డా చొక్కా మడత నలగదు. ఒక వేసవిలో ఎవరో పెద్దవాళ్ళు చూడటానికి వస్తున్నారని, ముసల్దాన్ని కొత్తగా కట్టిన అద్దాల గదిలోకి మార్చమన్నాడు. అత్త కాళ్ళావేళ్ళా పడింది. దుప్పిని ఎండలో తరిమితే ఆ రోజు చావదు. లోపల కండ ఉడికిపోతుంది, మూడో రోజుకు చస్తుంది. ఈ సంగతి కాపరులందరికీ తెలుసు.

"సరే, సాయంత్రం చల్లబడ్డాక కదుపుదాం. మాటిస్తున్నాను, ఇంటికెళ్ళి భోంచేసి రా" అన్నాడు దొర.

అత్త నమ్మి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి మిట్టమధ్యాహ్నపు ఎండలో నలుగురు మనుషులు వలలు పట్టుకుని ముసల్దాన్ని ఆ గోడ నుంచి ఈ గోడకు తరుముతున్నారు. ఫొటోలు బాగానే వచ్చాయి. మూడో రోజు తెల్లవారేసరికి దాని కాళ్ళు కొయ్యబారాయి. మధ్యాహ్నానికి అద్దాల గదిలోనే పోయింది. మరణాల రిజిస్టరులో దొర ఇలా రాయించాడు: "కారణం: బూజు పట్టిన మేత. బాధ్యత: కాపరి నిర్లక్ష్యం."

అత్త ఉద్యోగం పోయింది. అక్కడి పశువుల డాక్టరు మంచివాడు, కానీ పిరికివాడు. నోరు విప్పలేక, ముసల్దాని చెవి నుంచి తీసిన కణాలను సన్నటి రెండు గొట్టాల్లో గడ్డకట్టించి అత్త చేతిలో పెట్టాడు. ఆంబోతుల వీర్యం గడ్డకట్టించి నిల్వచేసే కేంద్రంలో పని కూడా ఇప్పించాడు, గొట్టాలు అక్కడే దాచుకునేలా. ఏడాది తిరక్కుండా ఆయనా పోయాడు.

ఆ కేంద్రంలో అత్త పని డబ్బాల్లో గడ్డకట్టించి ఉంచే ద్రవ నైట్రోజన్ ఎంతుందో కొలవడం. పొడుగాటి కొలబద్దను లోపలికి దించి, పైకి తీసి, గాలిలో ఒకసారి ఊపాలి. తెల్లగా మంచు ఎంతమేర పడితే లోపల అంత ద్రవం ఉన్నట్టు. తగ్గితే నింపాలి. ఒక్కసారి మరిచిపోతే లోపలున్నదంతా చచ్చినట్టే. రిటైరయ్యేటప్పుడు ఒక పాత చిన్న డబ్బా అడిగి తెచ్చుకుని, రెండు గొట్టాలూ అందులో వేసుకుని, కిటికీలు తెరిచిన వెనకగదిలో పెట్టుకుంది. మొత్తం ముప్పై ఏళ్ళు నింపింది.

"ఎందుకత్తా ఇంత పాట్లు?" అని అడిగితే, "వాడికి ఇది కావలసిన రోజొకటి వస్తుందే పిల్లా. ఆ రోజు నా దగ్గర ఉండాలి" అనేది.

వచ్చింది. చచ్చిన జాతుల్ని తిరిగి పుట్టించే పథకం ఒకటి మొదలైంది. దానికి దొరే పెద్ద సలహాదారు. మ్యూజియంలో ఉన్న ముసల్దాని తోలు మందులు పూయడంతో పాడైపోయింది. బతికున్న కణాలు ఎక్కడున్నాయని అత్త పనిచేసిన కేంద్రం దాకా ఆరా తీసి, ఆ పథకం ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయిని వెంటబెట్టుకుని ఒక ఆదివారం పొద్దున అత్త గుమ్మంలో నిలబడ్డాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"బాగున్నావా అమ్మా?"

"మీ దయవల్ల. కూర్చోండి. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి, చొక్కా నలుగుతుందేమో చూసుకోండి."

ల్యాబ్ అమ్మాయి చెప్పింది: ఈ కణాన్ని మేక అండంలో పెడతారు, మేక కడుపున రెల్లుదుప్పి పుడుతుంది.

"ఎన్ని మేకల ఉసురు పోసుకోవాలమ్మా?"

ఆ పిల్ల అబద్ధం ఆడలేదు. "చాలానే. వందలో ఒక్క గర్భం నిలిస్తే గొప్ప."

"పుట్టాక ఎక్కడుంటుంది?"

"మొదట్లో అద్దాల గదిలో..."

"అక్కడేగా చచ్చింది! మడుగుల మీద ఇప్పుడు బస్సు డిపో ఉంది. మరి దాన్ని ఏ బస్సెక్కిస్తారు?" అత్త నవ్వలేదు. "పుట్టేది దాని కూతురు కాదు, అచ్చం అదే. మళ్ళీ ఒంటరిదే. సాటి దుప్పి అరుపు వినకుండా ఒకసారి చచ్చింది, చాలదా?"

"మనం చేసిన తప్పు మనమే దిద్దుకోవాలి కదమ్మా" అంది ఆ అమ్మాయి.

"మనమా? అప్పటికి నువ్వు పుట్టనేలేదు. నేను వద్దని కాళ్ళు పట్టుకున్నాను. చంపినవాడే పుట్టిస్తే చంపనట్టేనా? ముందు చంపానని రాయమను. ఎలా చంపాడో తన చేత్తో రాసిచ్చి డబ్బా పట్టుకుపొమ్మను."

దొర కలం తీశాడు. రాసింది చదివి వినిపించాడు: "నాటి తీవ్రమైన ఎండల దృష్ట్యా, సిబ్బంది మధ్య సమాచార లోపం వల్ల..."

"పామూ చావకూడదు, కర్రా విరగకూడదు" అంది అత్త. లేచి వెనకగదిలోంచి డబ్బా తెచ్చి మూత తీసింది. తెల్లటి పొగ నేల మీద పాకింది. పట్టకారుతో ఒక గొట్టం పైకి తీసి పట్టుకుంది. "ఇది నా చేతిలో ఉన్నంతసేపట్లో సరిగ్గా రాయండి, మాట తప్పానని కూడా."

ల్యాబ్ అమ్మాయి ఎగిరి లేచింది. "సార్, రాసేయండి! అది బయట నిమిషం కూడా ఆగదు!"

"ఊరికే బెదిరిస్తోంది. అంత విలువైనదాన్ని పాడు చేసుకుంటుందా?" అన్నాడు దొర. "పోనీ, 'మాట తప్పాను' అనే ముక్క అవసరమా? 'తొందరపడ్డాను' అంటే సరిపోదూ?"

గొట్టం మీది మంచు నీరైంది. పట్టకారు కొస నుంచి ఒక చుక్క అత్త బొటనవేలి మీద పడింది.

"అయిపోయింది సార్" అంది ఆ అమ్మాయి. "కరిగాక దాన్ని బతికించే సరంజామా నాలుగు గంటల దూరంలో ఉంది."

"ఒక మాట కోసం బేరమాడి రెండోసారి చంపారు" అంది అత్త. "ఇంకొకటుంది. ఇంకా ఆడతారా?"

ఈసారి దొర కలం ఆగలేదు. పేజీ నిండా రాశాడు. సంతకం పెట్టాడు. సాక్షిగా ఆ అమ్మాయి పెట్టింది. అత్త నాచేత రెండుసార్లు చదివించుకుని, మడిచి గుప్పిట్లో పెట్టుకుంది. తర్వాత డబ్బాకు మూత బిగించి కాళ్ళ దగ్గరకు లాక్కుంది.

"ఇవ్వు" అన్నాడు దొర.

"ఇవ్వను."

"మాటిచ్చావు!"

"ఇచ్చాను. సాయంత్రం చల్లబడ్డాక కదుపుదామని మీరూ ఇచ్చారు."

ఆయన చొక్కా తడిసి వీపుకు అతుక్కుపోయింది. అది నలగడం అత్త ఆ రోజే చూసింది. గుమ్మం దాటబోతూ ల్యాబ్ అమ్మాయి వెనక్కి తిరిగింది. "మీకూ ఆయనకూ ఇక తేడా ఏముందమ్మా?"

"లేకపోతే లేకపోయింది తల్లీ. నేను చేశాననే చెప్తాను. ఇంకొకరి పేరు రాయను."

కాగితాన్ని అప్పుడే బయటపెడదామన్నాను. అత్త ఒప్పుకోలేదు. "భయపడుతూ బతకనీ. డబ్బా నిండుగా ఉన్నన్నాళ్ళూ ఆశ కూడా చావదు. రెండూ కలిపి తినేస్తాయి వాణ్ణి. నేను పోయాక నోరు తెరిచాడా, అప్పుడు నువ్వూ తెరువు." నాలుగేళ్ళు ఏటా మనుషుల్ని పంపాడు. అత్త ఏటా వాళ్ళకు ఆ పొట్టికాలు కుర్చీ వేసి కూర్చోబెట్టి పంపింది.

ఇప్పుడు నోరు తెరిచాడు. ఇదిగో ఆయన రాసింది: "దుప్పిని సాయంత్రం దాకా కదపనని కాపరికి మాటిచ్చి, ఆమె లేని సమయం చూసి, ఫొటోల కోసం మిట్టమధ్యాహ్నం తరిమించాను. అది అందువల్లే చచ్చింది. మేతలో దోషం లేదు. కాపరి నిర్లక్ష్యం అన్నది నేను రాయించిన అబద్ధం."

ఇక ఆ రెండో గొట్టం సంగతి. ఆసుపత్రిలో ఆఖరి రోజుల్లో అత్త అడిగింది. "కొలబద్ద పెట్టి చూశావా?"

"రెండంగుళాలుందత్తా. రేపు నింపుతాను."

"ఇక నింపకు. నేను పోయాక దానికి వీపు తిప్పి నిలబడేదెవరే?"

దహనమైన మర్నాడు చూస్తే కొలబద్దకు ఒక అంగుళం మంచు పట్టింది. నింపాల్సిన ఫ్లాస్కు నిండుగా పక్కనే ఉంది. ఎత్తాను, మళ్ళీ దించేశాను. తర్వాతి ఆదివారం కొలబద్ద పొడిగా వచ్చింది. డబ్బా కోసం వచ్చిన దొర మనుషులకు అదే చూపించాను.

దొరగారూ, ఈసారి బాధ్యత గడిలో నా పేరు రాయించండి. నేను కాదనను.