చాప కింద మనిషి

ప్రార్థన వింటే చాలు, ఎవరిది నిజమైన భక్తో ఇట్టే చెప్పేయగలనని ఫువాటినోకి గట్టి నమ్మకం. సవాయీ దీవిలోని ఆ ఊళ్ళో సండే స్కూలు పాఠాలు చెబుతూనే జుట్టు నెరిసిన మనిషి కాబట్టి ఆమె మాటకు ఎవరూ ఎదురాడేవారు కాదు. ఆమె మెచ్చిన శిష్యుడు టవిటా ఇప్పుడు సంఘ పెద్ద. అతను కళ్ళు మూసుకుని గొంతెత్తితే ముసలమ్మలు తెల్లటోపీల కింద కళ్ళొత్తుకునేవారు. అతని తమ్ముడు సియాకి మాత్రం తాగుబోతు, చర్చి గడప తొక్కడు. ఒకే కడుపున ఇలాంటి ఇద్దరెలా పుట్టారని ఫువాటినో నలుగురిలో నిట్టూర్చేది.

ఒకనాడు తెల్లవారుజామున చామతోటకు బయల్దేరిన ఆమె భర్త ఇయోసేఫాని టవిటా ట్రక్కు గుద్దేసింది. మనిషి అక్కడికక్కడే పోయాడు. నడిపింది తమ్ముడని టవిటా ఏడుస్తూ ఊరికి చెప్పాడు.

పొద్దెక్కేసరికి ఆ కుటుంబమంతా వచ్చి ఆమె వాకిట్లో తలలు వంచుకు కూర్చుంది. అందరికీ ముందు సియాకి మోకాళ్ళమీద ఉన్నాడు, నిలువునా మెత్తటి నేతచాప కప్పుకుని. అది ఆ దీవి ఆచారం: చచ్చినవాడి ఇంటివాళ్ళు చాప తీస్తే క్షమించినట్టు. తీయకపోతే ఎండలో అలా పడి ఉండాల్సిందే, ఆపైన చచ్చినవాడి బంధువులు ఏం చేసినా అడిగే దిక్కుండదు.

ఫువాటినోకి వాణ్ణి అలాగే మాడ్చెయ్యాలని ఉంది. చాలాసేపు కదల్లేదు. పాస్టరు గారు పక్కన చేరి, "క్షమించమని ఇన్నేళ్ళూ పిల్లలకి చెప్పావు కదమ్మా, లే" అన్నారు. పళ్ళు బిగబట్టి వెళ్ళి చాప లాగేసింది.

సియాకి మొహం చెమటతో, కన్నీళ్ళతో ముద్దయి ఉంది.

"టీచరమ్మా, నేను కాదు. నాకు బండి నడపడమే రాదు. 'నీకెలాగూ పోయే పరువు లేదు, నేను జైలుకెళితే సంఘం చెదిరిపోతుంది' అన్నాడు అన్న. సరేనన్నాను. తీరా మీ మొహం చూశాక ఆ అబద్ధం నావల్ల కావట్లేదు."

వీడికి బండి రాదని ఊరందరికీ తెలుసు. ఆమెకీ తెలుసు, ఏడుపులో తట్టలేదు. మరి మిగతావాళ్ళకి ఏమొచ్చింది రోగం?

"టవిటా! ఎవర్రా నడిపింది?"

టవిటా చేతులు జోడించాడు. "ముందు ప్రార్థన చేసుకుందాం టీచరమ్మా" అంటూ కళ్ళు మూసేసుకున్నాడు. "దయగల తండ్రీ..." చుట్టూ చేరిన ఊరంతా తలలు వంచింది. ఆ గొంతు అప్పుడు కూడా తియ్యగానే ఉంది. ఆమె చాప మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"ఆపరా! పాస్టరు గారూ, ఈ చాప మళ్ళీ కప్పుతాను. వాణ్ణొచ్చి కింద కూర్చోమనండి."

"కుదరదమ్మా. చాప ఒక్కడిది కాదు, కుటుంబానిది. నువ్వు తీశావంటే అందర్నీ క్షమించినట్టే. ఎవరు నడిపారన్నది ఇక నువ్వు అడగకూడదు."

టవిటా భుజాలు తేలిగ్గా కిందికి దిగడం ఆమె కళ్ళారా చూసింది. సియాకి తాగి కూశాడని ఊరి పెద్దలు సాయంత్రానికల్లా తేల్చేశారు.

ఇయోసేఫాని ఇంటిముందే పాతిపెట్టారు. ప్రార్థన చేసింది టవిటానే. అందరూ ఆమెన్ అన్నారు. ఫువాటినో నోరు తెరవలేదు. జనం పంది మాంసం, చామదుంపల వడ్డన వైపు వెళ్ళిపోయాక, ఎవరూ పిలవకుండా వచ్చిన సియాకి ఒక్కడే పార పట్టి గొయ్యి పూడుస్తున్నాడు.

"ఒరేయ్ నాయనా, ఆయన కోసం నువ్వొక్క మాట ప్రార్థన చెయ్యరా. నీ నోట వినాలనుంది" అంది ఫువాటినో.

సియాకి పార ఆపాడు.

"నాకు రాదు టీచరమ్మా. చిన్నప్పుడు సండే స్కూల్లో నాకు నోరు తిరగలేదని మీరే చెవి పట్టుకుని బయటికి గెంటారు. మళ్ళీ ఎవరూ లోపలికి పిలవలేదు."