ఎక్కడున్నావ్ గారి నాలుగు బళ్ళు

ఆయన అసలు పేరు డ్రైవర్లెవరూ వాడరు. ఎదురుగా ఉంటే సార్, వెనక్కి తిరిగితే ఎక్కడున్నావ్ గారు. ఊరికే పెట్టిన పేరు కాదది. నాలుగు చిన్న గూడ్సు వ్యాన్లున్న ఆ మనిషి పదిహేనేళ్ళుగా పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఏడు దాకా ఫోను చెవికి అంటించుకుని అడిగిన మాట అదొక్కటే.

అడగక ఏం చేస్తాడు పాపం? టైర్ల షాపుకీ బ్యాటరీల షాపుకీ మధ్య ఒక షట్టరు గది, అందులో ఒక బల్ల, రెండు కుర్చీలు. అక్కడ కూర్చుంటే బళ్ళు కనిపించవు, సరుకు కోసం ఎదురుచూసేవాళ్ళ కోపం మాత్రం బాగా వినిపిస్తుంది. వాళ్ళు ఈయన్ని అడిగితే ఈయన డ్రైవరుని అడగాలి. డ్రైవరేమో "ఇదిగో సార్, మలుపు తిరిగితే వచ్చేసినట్టే, ఐదు నిమిషాలు" అంటాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఆ ఐదు నిమిషాలు ఒక్కోసారి గంటన్నర సాగేవి. అబద్ధం డ్రైవరుది, తిట్లు ఈయనవి. చివరికి ఆరేళ్ళుగా పని ఇస్తున్న మందుల హోల్‌సేలాయన "నీ ఐదు నిమిషాలకో దండం" అని వేరేవాళ్ళ బళ్ళు పెట్టుకున్నాడు. ఆ రోజు ఈయనకి అన్నం సయించలేదు.

తర్వాత టై కట్టుకున్న ఒకాయన వచ్చి బళ్ళ మీద కన్నేసి ఉంచే పెద్ద సరంజామా చూపించాడు. డ్రైవరు మొహానికో కెమెరా, గోడకో తెర, రోజుకి పన్నెండు పేజీల రిపోర్టు, మూడేళ్ళ ఒప్పందం. రెండొందల లారీలున్న కంపెనీలో ఆ రిపోర్టులు చదవడానికే ఓ మనిషి ఉంటాడు. ఇక్కడ మేనేజరూ, గుమాస్తా, గది ఊడ్చేవాడూ అందరూ ఈయనే. "నాలుగు బళ్ళకి ఇదంతా పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం కాదటండీ?" అని టీ ఇప్పించి సాగనంపాడు.

అతను వెళ్ళాక పక్క బ్యాటరీల షాపాయన నవ్వాడు.

"చిన్న జీపీఎస్ పెట్టె ఉంది కదయ్యా. అగ్గిపెట్టెంత. బ్యాటరీకి రెండు వైర్లు తగిలిస్తే అయిపోయింది. నచ్చకపోతే వచ్చే నెల పీకేసెయ్, అడిగేవాడు లేడు."

ఒక్క పూటలో నాలుగు బళ్ళకీ బిగించేశారు. ఫోనులో మ్యాపు, దాని మీద నాలుగు చుక్కలు. ఇంజను తిరుగుతుంటే పచ్చ, ఆపితే ఎరుపు. చదవడానికి ఇంకేమీ లేదు. అంతకు మించి ఆయనకి అక్కర్లేదు కూడా. వారం తిరక్కుండా షాపులవాళ్ళకి ఖచ్చితమైన టైము చెప్పడం మొదలుపెట్టాడు. కుర్రడ్రైవర్లు "గోడలకి చెవులుండేవి, ఇప్పుడు బళ్ళకి కళ్ళొచ్చాయి" అని సణిగి, తర్వాత అలవాటుపడ్డారు. ఇంట్లో భార్య కూడా "ఇన్నాళ్ళకి ముద్దకీ ముద్దకీ మధ్య ఫోను లేకుండా తింటున్నారు" అంది. ఆ పెట్టెని తిట్టడానికి ఏమీ లేదు. చెప్పమన్నది చెప్పింది.

నాలుగో బండి పెద్దన్నది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, అందరికంటే పాత డ్రైవరు. మొదటి వ్యాను కొన్నప్పుడు ఈయనకి స్టీరింగు పట్టడం నేర్పింది అతనే, అందుకే జీతం తీసుకుంటూనే యజమానిని తమ్ముడూ అనేవాడు. అబద్ధం చెప్పని డ్రైవరు ఆ నలుగురిలో అతనొక్కడే. ఎక్కడున్నావ్ అంటే ఎక్కడున్నాడో చెప్పి, అక్కడితో ఊరుకోక, రోడ్డు మీద ఏం జరిగిందో, పొద్దున మోకాలు ఎలా పట్టేసిందో అన్నీ చెప్పేవాడు. ఈయన ఊఁ కొడుతూనే విసుక్కునేవాడు. అతని బండికి పెట్టె అనవసరం. కానీ ఒక్కడిని వదిలేస్తే మిగతా ముగ్గురూ ఊరుకుంటారా?

పెట్టె పెట్టిన రెండు నెలలకి పెద్దన్న తాళాలు ఇస్తూ అన్నాడు.

"ఏంటి తమ్ముడూ, ఈమధ్య నీ గొంతే వినబడటం లేదు?"

"కనిపిస్తున్నావు కదన్నా, ఇంకా ఫోనెందుకు?"

పెద్దన్న నవ్వి, మోకాలు రుద్దుకుంటూ ఇంటికి బయల్దేరాడు.

ఆ గురువారం పెద్దన్న టైల్స్ పెట్టెలు వేసుకుని ఊరి చివర గోడౌనుకి వెళ్ళాడు. ఒంటిగంటకి చుక్క గోడౌను గేటు దగ్గర ఆగింది. పచ్చగా ఉంది. అక్కడ వరసలో రెండు గంటలు ఆగడం మామూలే, ఎండకి క్యాబిన్లో ఫ్యాను తిరగాలని ఇంజను ఆపకపోవడమూ మామూలే. ఈయన భోజనం చేశాడు. రెండున్నరకి, రెండు వ్యాన్లతో నీళ్ళ క్యాన్లు వేసే ఆయన పెట్టె సంగతి కనుక్కుందామని వచ్చాడు. మిగతా మూడు చుక్కలూ కదులుతున్నాయి, అందుకని చూపించడానికి తేలిగ్గా ఉంటుందని నాలుగోదాన్నే పెద్దది చేసి చూపించాడు.

"ఇదిగో, మా పెద్దన్న. గోడౌను గేటుకి పదడుగుల దూరంలో ఉన్నాడు. నేను ఫోను చేశానా? అతను చెప్పాడా? హాయిగా ఉంది ప్రాణం."

వచ్చినాయన మెచ్చుకుని, ఆ పెట్టె ఎక్కడ దొరుకుతుందో రాసుకుని వెళ్ళాడు.

నాలుగింటికి గోడౌను గుమాస్తా ఫోను చేశాడు. "మీ బండి ఇంకా రాలేదేంటండీ?"

"మీ గేటు దగ్గరే ఉంది కదండీ."

"ఉంటే లోపలికి రాడా?"

అప్పుడు చేశాడు పెద్దన్నకి ఫోను. రెండుసార్లు పూర్తిగా మోగి ఆగిపోయింది. స్కూటరు తీసి పరుగెత్తాడు. బండి గేటు పక్కగా ఆగి ఉంది, ఇంజను తిరుగుతూనే ఉంది. కునుకు తీస్తున్నాడనుకున్నానని వాచ్‌మన్ చెప్పాడు. పెద్దన్న తల కిటికీకి ఆని ఉంది. మూతి ఒక పక్కకి పోయింది, కుడిచెయ్యి ఒళ్ళో పడి ఉంది, ఫోను క్లచ్ కింద ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఈయన్ని చూసి ఏదో అనబోయాడు, మాట రాలేదు.

పక్షవాతమన్నారు ఆసుపత్రిలో. ఇంకో గంట ముందు తెచ్చి ఉంటే సూది మందుకి వీలుండేదని, ఇక మాటా చెయ్యీ ఎంతవరకు తిరిగొస్తాయో చెప్పలేమని డాక్టరమ్మ అన్నది. వరండాలో బెంచీ మీద పెద్దన్న భార్య కూర్చుని ఉంది. ఏడవడం అయిపోయిన మొహం. ఈయన వెళ్ళి పక్కన నిలబడ్డాడు, కూర్చునే ధైర్యం లేదు.

"మరిదిగారూ, బండి ఎక్కడుందో మీకు నిమిషనిమిషం కనిపిస్తుందటగా? ఆయన చెప్పేవారు. 'నాకేమన్నా అయినా భయం లేదే, తమ్ముడు చూస్తూ ఉంటాడు' అనేవారు."

ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. తెలియక అడుగుతోంది, అంతే. అదే ఆయన్ని నిలువునా కోసేసింది.

"ఇవాళ కనపడలేదా?"

"కనపడ్డాడు వదినా. మధ్యాహ్నమంతా చూస్తూనే ఉన్నాను."