మొక్క పెరుగుతుందని నేను రాయలేదు

కాకినాడలోని మా ఆఫీసులో మూడుసార్లు మెయిల్ పెట్టాను. ఒక్కరూ జవాబివ్వలేదు. నన్ను చూసి నవ్వడానికి మాత్రం అందరికీ తీరికుంది. సరే, ఆ నవ్వుకు కారణమైన ఘోరం నేనే చెబుతాను. వాళ్లు చెబితే దానికి తోకా కొమ్ములూ తగిలిస్తారు.

అప్పటికి నేను ఉద్యోగంలో కొత్త. కడియంలో సూర్రావు గారి నర్సరీకి కంప్యూటర్లో వాటంతటవే పనిచేసే మూడు సర్వీసులు కట్టాను. ఆర్డర్లు ఒప్పుకునేది ఒకటి, మొక్కల లెక్క చెప్పేది ఒకటి, లారీ కుదిర్చేది ఒకటి. ఒకటి అడిగితే ఇంకొకటి పలికేది. వియ్యంకులు కూడా అంత మర్యాదగా మాట్లాడుకోరు!

"ఓసారి తోటలోకి రండి బాబూ," అన్నారు సూర్రావు గారు. "మొక్క సంగతి మా మేస్త్రి మంగమ్మకి తెలిసినట్టు నాక్కూడా తెలీదండి."

"మొక్కలో తెలుసుకోడానికేముందండీ? పేరు, ఎత్తు, ఎన్నున్నాయి. అంతే!"

నిజానికి కొత్త బూట్లకు బురదవుతుందని నా బెంగ. ఇన్నాళ్లకు ఒప్పుకుంటున్నాను.

ఏడాదిన్నర గడిచింది. నాగపూర్‌లో రోడ్ల పక్కన చెట్లు నాటేవాళ్లు రెండువేల కానుగ మొక్కలు అడిగారు. సూర్రావు గారికి అంత పెద్ద బేరం అదే మొదలు. కుదిరితే ఏటా వాళ్లే కొంటారు. నా సర్వీసులు ఎవరినీ అడగకుండా, "అడుగెత్తు మొక్కలున్నాయి, ఒక్క లారీ చాలు" అని మాటిచ్చేశాయి.

లారీ వచ్చింది. సూర్రావు గారి నుంచి నాకు ఫోనొచ్చింది.

"వెంటనే రండి. బూట్లిప్పేసి మరీ రండి!"

వెళ్లి చూస్తే కానుగలు నా భుజం దాటి ఉన్నాయి, ఒక్క లారీలో పట్టేలా లేవు. మొదటిరోజు ఎక్కించిన అడుగు ఎత్తే కంప్యూటర్లో ఉండిపోయింది. మొక్కై వంగనిది లారీలో వంగునా?

మంగమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "పుట్టినప్పుడు కొలిచి, పెళ్లికి ఆ కొలతతోనే చొక్కా కుట్టిస్తారేంటండి?"

ఆపై సూర్రావు గారివైపు తిరిగి, "రోడ్డు పక్కకైతే పొడుగువే మేలు కదండీ. ఆ నాగపూర్ వాళ్లనే అడగండి," అంది.

అడిగారు. వాళ్లు ఎగిరి గంతేసి ఇంకో రెండు లారీలు పంపారు. ఇప్పటికీ ఏటా కొంటున్నారు.

నేను వారం రోజులు మంగమ్మ వెనక బురదలో తిరిగాను. మొక్క ఎప్పుడు సంచి మారుతుంది, నెలకెంత పెరుగుతుంది, ఎప్పుడు అమ్మకానికి పనికిరాదు, అన్నీ ఆవిడ చెబితే రాసుకున్నాను. మూడు సర్వీసులకూ ఇప్పుడు ఆ రాతే ఆధారం. ఆ తర్వాత ఒక్క లారీ కూడా తప్పలేదు.

ఇప్పుడు మా ఆఫీసువాళ్లు భీమవరం రొయ్యల చెరువులకు నాలుగు సర్వీసులు మొదలెట్టారు. గట్టు మీద కాలు పెట్టినవాడు ఒక్కడూ లేడు!

గోదారి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: పెరిగేదేదో, చచ్చేదేదో బురదలో నిలబడి అడగకుండా ఇక ఒక్క సర్వీసూ కట్టను.

మేనేజరు గారూ, నా మూడు మెయిళ్లలోనూ ఉన్నది ఒకటే ప్రశ్న. నాలుగోసారి, అందరి ముందూ అడుగుతున్నాను. రొయ్య పెరుగుతుందా, పెరగదా? జవాబివ్వండి.